కుడి, ఎడమ

ఫర్వానియాలో కార్ల కిట్లమ్మే కొట్టు.
పై అరలో ఎర్ర రేసుకారు, పద్నాలుగు దినార్లు.
కింద, మూల నలిగిన డబ్బాలో
పాత జీపు, ఏడున్నర.
నలిగింది అట్టే కదా,
జీపే తీసుకున్నా.

రాత్రి మేడమ్ బండి కడిగి
తాళాలు మేకుకి తగిలించి
మంచం మీద పళ్ళెం బోర్లిస్తా.
ఒక్కో ముక్కనీ కాడ నుంచి కోయాలి,
చిక్కుడుకాయ ఈనె తీసినంత నిదానంగా.
లాగితే మచ్చ పడుతుంది.

రంగు మీద దుమ్ము పడుతుందని
ఏసీ ఆపమంటాను.
"నీ జానెడు బండికి మేం ఉడికి సావాల్నా?"
రెడ్డెయ్య తిట్టి
తనే లేచి ఆపుతాడు.

డబ్బాలో డాష్‌బోర్డులు రెండు.
స్టీరింగు కన్నం ఒకదానికి ఎడమన,
ఇంకోదానికి కుడిన.
ఒకటే పడుతుంది లోపల.
జిగురు మూత తీసి
చాలాసేపు అట్లాగే ఉన్నా.
పదకొండేళ్ళుగా నా చేతులు ఎడమవైపే.
సెలవుకెళ్ళినప్పుడు రాయచోటిలో
బండి తోలమని తాళం ఇస్తే
తప్పు తలుపు తెరిచి కూర్చుంటాను,
ఎదురుగా స్టీరింగు ఉండదు.
బామ్మర్ది నవ్వుతాడు.

ఎడమదే అతికించా.
రెండోదాన్ని మాత్రల సీసాలో వేసి
దిండు కింద పెట్టా.

టైర్లు రేపు.
వాటికి ఏ పక్కయినా ఒకటే.