ఏడో నమూనా

పొదలకూరు దాటాక ఎర్రమట్టి తోటలో
నిమ్మకొమ్మకు పాలిథిన్ సంచి తొడిగి
మూతి బిగించి కూర్చుంటాను.
చెట్టు విడిచిన గాలిని
అగ్గిపుల్లంత గాజుగొట్టంలోకి
చిన్న పంపు గుక్కగుక్కగా లాగుతుంది.
అరగంట.
ఆ రోజు పొద్దున సబ్బు రుద్దుకోను,
తలకు నూనె పెట్టను,
వాసన లేని మనిషిగా వస్తాను.

"ఏంది అబ్బయ్యా, చెట్టుకు జరమొచ్చిందా?"
మస్తానమ్మ. నెత్తిన ఖాళీ గంప,
మోచేతుల దాకా ముళ్ల గీతలు.
"ఊపిరి పట్టి చూస్తుండావా?"

ఊపిరే.
పురుగు కొరకని ఆకుది ఒక తీరు,
కొరికిన ఆకుది ఇంకో తీరు,
కొరికారని విన్న పక్క కొమ్మది మరో తీరు.
పిట్టరెట్టలా నక్కిన పిల్లపురుగుని పుల్లతో తాకితే
నెత్తిన చీలిన ఎర్రకొమ్ము లేపి
పులిసిన కంపు కొడుతుంది.
దానికీ ఒక గొట్టం, దానికీ ఒక నంబరు.

ఆమె చుట్ట ముట్టించింది.
లూజు బస్తా మూడొందలకు పడిందంట,
కోత కూలి కూడా గిట్టదని
కాయలు చెట్టుకే వదిలెయ్యమన్నాడంట ఆసామి.
చెప్తానే ఉంది.
గాలి ఆమె వైపు నుంచే వస్తోంది.
జరగమని అనలేకపోయాను.

నెల్లూరులో మిషను
ఆ గాలిని పోగుపోగుగా విడదీసి
కాయితం మీద కొండలు గీసింది.
లిమొనీను పెంచలకోనంత ఎత్తు,
చుట్టూ పేర్లున్న గుట్టలు.
ఏడో నమూనాలో మాత్రం
చెట్టుకు లేనివి లేచాయి:
పొగాకు,
పంటినొప్పికి బుగ్గన పెట్టిన లవంగం,
చెమటలో పుట్టే పొట్టి ఆమ్లాలు.
"కలుషితం. తీసెయ్యి" అని
మేడమ్ ఎర్రపెన్నుతో కొట్టేసింది.

పట్టికలోంచి తీసేశాను.
కాయితం మడిచి
క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను.

"ఏం చెప్పింది చెట్టు?" అంది మళ్లీ వారం.
చెట్టు మాట వినపడలేదమ్మా, నువ్వే పడ్డావు అందులో.
"నేనా? నేనేం చేసినా, ఊరికే కూచుంటి గదా!"
నవ్వి, చుట్ట రొంటిన దోపుకుని
గాలికి దిగువన
నాలుగు చెట్ల అవతలకి పోయి కూర్చుంది.

కోయని కాయలు రాలి
పాదుల్లో పసుపుగా మెత్తబడుతున్నాయి.
వాటికి నంబర్లు లేవు.

ఎనిమిదో గొట్టం శుభ్రంగా వచ్చింది.
మేడమ్ బాగుందంది.
నాకెందుకో
దాన్ని రెండోసారి చూడాలనిపించలేదు.