చంద్రుడి బల్ల

కూనబారాబ్రన్ ఊరి బయట, వారంబంగల్ కొండల కింద
మా ఆఫీసులో మొత్తం పదకొండు బల్లలు.
రాయికి నాలుగు. గురుగ్రహానికి రెండు.
సముద్రాలకి మూడు.
ఏడాది ఎన్ని సెకన్లు పెరుగుతుందో లెక్కగట్టడానికి ఒకటి.
మిగిలింది చంద్రుడిది. దాని ముందు కుర్చీ నాది.

చక్రం ఒకటి ఊడిపోయిన కుర్చీ. కూర్చుంటే ఎడమకి వాలుతుంది.
నాలుగేళ్లుగా నా నడుమూ అటే వాలింది.

పని చెప్పుకుంటే చిన్నదే.
సూర్యుడు ముదిరేకొద్దీ వేడెక్కుతాడు,
ఇప్పుడు కాదు, కోట్ల ఏళ్లకి.
ఈలోగా భూమిని పొయ్యి మీంచి కాస్త జరపాలి,
పాలగిన్నెని పొంగకముందే జరిపినట్టు.
మసిగుడ్డా పట్టకారూ లేవు.
వంద కిలోమీటర్ల రాయి ఒకటుంది.
అది గురువు దగ్గరికెళ్లి వేగం చేబదులు తెస్తుంది,
మన పక్కనుంచి పోతూ పోతూ మన చేతిలో పెట్టి
ఉత్త చేతుల్తో చీకట్లోకి పోతుంది.
గురువు అడగడు.
అంత ఉన్నవాడికి ఇంత పోతే తెలియదు.

నీళ్ల ట్యాంకర్ తోలే డెస్మండ్ క్లఫ్ అడిగాడు,
"ఇవాళ ఎంత దూరం జరుగుతాం?"
ముప్పై కిలోమీటర్లు, అన్నాను.
"బిన్నవే దాకా అన్నమాట," అన్నాడు.
కాసేపాగి, "అక్కడా వానల్లేవు," అన్నాడు.

మొదట్లో చంద్రుడికి బల్ల లేదు.
కాన్‌బెర్రా మీటింగులో ఒక పెద్దమనిషి
చాలా మర్యాదగానే అడిగాడు:
చంద్రుణ్ని వదులుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది కదా,
తప్పనిసరా ఆయన?
కొందరు పోటుపాట్ల గురించి చెప్పారు, కొందరు తాబేళ్ల గురించి.
నా వంతు వచ్చింది. నాకు లెక్కలేవీ గుర్తు రాలేదు.
మా భాషలో నెల అంటే నెలే, చంద్రుడూ నెలే, అన్నాను.
ఆయన పోతే జీతం ఎప్పుడని అడగాలి?
నవ్వారు. నవ్వి, ఒక బల్ల ఇచ్చారు.

ఇక్కడ చంద్రుడిలో కుందేలు తలకిందులుగా ఉంటుంది.
వచ్చిన కొత్తలో జారిపడుతుందేమో అనిపించేది.
ఇప్పుడు అలా పడకుండా చూడ్డమే నా ఉద్యోగం.

జూన్ రాత్రి. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటోంది.
ఊరంతా క్రికెట్ మైదానంలో, మడత కుర్చీల్లో, దుప్పట్లలో.
రెండూ పదకొండుకి రాయి వచ్చింది.
చంద్రుడంత ఉంది, బూడిద రంగు, ఒక పక్క సొట్ట.
యూకలిప్టస్ చెట్లలో గలా పిట్టలు తెల్లారిందనుకుని లేచి
ఒకటే గోల. తర్వాత సిగ్గుపడ్డట్టు ఊరుకున్నాయి.
రాయి బల్ల దగ్గర నెరిడా ఏడుస్తోంది,
ఏడుస్తూనే అంకెలు పైకి చదువుతోంది.

నేను చూడలేదు.
అందరి వీపులూ పడమటికి తిరిగి ఉన్నప్పుడు
పడమటి కొండ మీద ఆయన ఒక్కడే ఉన్నాడు,
తన ఇంటిని ఎవరో జరుపుతుంటే
గుమ్మంలో నిలబడ్డ అద్దెకున్నవాడిలా.
తెర మీద గీత వణికింది. పదకొండు మీటర్లు. పద్నాలుగు.
నెల తప్పింది అంటే మా భాషలో శుభవార్త.
ఈ బల్ల దగ్గర కాదు.
పద్నాలుగు. పద్నాలుగు. పదమూడున్నర.
నెల తప్పలేదు.

తెల్లవారుజామున ఫారం నింపాలి.
"తర్వాతి షిఫ్టుకి సూచనలు" అని ఒక గడి.
తర్వాతి రాయి ఆరువేల ఏళ్లకి.
ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను.
అప్పటికి ఈ లిపి చదివేవాళ్లుంటారో లేదో,
కొండల పేర్లు ఇవే ఉంటాయో లేదో.
ఏడాదికి తొమ్మిది సెకన్లు కలిశాయని,
అవి ఎవరివో మాకు తేలలేదని రాశాను.
కొట్టేశాను.

రాయిని చూడ్డానికి వేరేవాళ్లుంటారు, మీరు చూడొద్దు, అని రాశాను.
కుర్చీ ఎడమకి వాలుతుంది, అని రాశాను.

బయట డెస్మండ్ ట్యాంకర్ స్టార్టవడం లేదు.
తొయ్యడానికి వెళ్లాను.