పెల్లంపేట మండలం

పత్తికొండలో బస్సెక్కినప్పుడల్లా
కండక్టరు టికెట్టు చింపుతూ అడుగుతాడు:
"పెళ్లాంపేటా? ఎవరి పెళ్లాంపేట?"
వెనక సీట్లో పిల్లకాయలు కిసుక్కుమంటారు.
నలభై ఏండ్లుగా అదే మాట, అదే నవ్వు.
నేనూ నవ్వుతాను.
చిల్లర మాత్రం లెక్కబెట్టి తీసుకుంటాను.

బోర్డు మీద సరిగ్గానే రాసినారు: పెల్లంపేట మండలం.
ఆ పేరు వెనక ఒక దొర ఉండాడు.
కత్తి దూసినోడు కాదు, కోట కూల్చినోడు కాదు.
శ్రీరంగపట్నం దిక్కు కుంఫిణీ దండు కదిలితే
దండు వెనక, లంబాడోళ్ల ఎద్దుల మందల వెనక
దుమ్ము తింటా వచ్చినోడు, పెల్‌హాం దొర.
ఫిరంగి నోట్లో మందు కూరేది ఇంకొకరు,
సిపాయి నోట్లో జొన్నలు పోసేది ఈయన.
రసదు దొర అన్నారు మావోళ్లు.
దొర పోయినాక పేరుకు నోరు తిరగక
పెళ్లాం చేసినారు.

ఆ ఏడు వాన మొగం చాటేసింది.
గింజ నేల మీద లేదు, నేల కింద ఉంది.
పాతర మూతికి బండ, బండ మీద మన్ను,
మన్ను మీద పేడ అలికి
ఆ పైన ఎనుమును కట్టేసి, ఏమీ ఎరగనట్టు
గుమ్మంలో కూచొని ఈర్లు తీసుకునే ఆడోళ్లు.
దొరకు ఆ సంగతి తెలుసు.
ఇనుప మొన కట్టెతో ఇంటింటా నేల తట్టి
చెవి వంచి వింటాడంట,
సంతలో పుచ్చకాయ కొనేటోడి మాదిరి.
గట్టి నేలది ఒక మాట,
గుల్ల నేలది ఇంకో మాట.

దూదేకులోళ్ల నాగూరమ్మ,
మా జేజినాయన జేజినాయనకు ముందు మనిషి,
పాతర మీద ఈతాకు చాప పరిచి
నొప్పులు పడతాన్నట్టు పండుకుందంట.
కొందరంటారు, నిజంగానే నొప్పులని.
దొర గడప దాటినాడు.
కట్టె చాప అంచుకు తగిలింది.
బుంగుమనింది.
నాగూరమ్మ అరుపు ఆపేసింది.
ఆ ఒక్క చప్పుడు
దొరా విన్నాడు, చూరులో ఎలకా వినింది,
కడుపులో బిడ్డ ఉంటే, ఆ బిడ్డా.

ఆడికి కథ రెండుగా చీలిపోతాది.
బోయగేరిలో చెప్పేది:
లెక్కల పుస్తకం తెరిచి
'ఇక్కడ నేల గట్టి' అని రాసుకొని పోయినాడని,
అందుకే ఊరికి ఆయన పేరని.
మా ఇంట్లో చెప్పేది:
తొమ్మిది తూములు కొలిపించి ఎద్దుల మీదికెత్తి
చీటీ చేతిలో పెట్టినాడని,
దండు తిరిగొచ్చినాక రొక్కమని.
చీటీ నా రేకుపెట్టెలో ఉంది.
రాత చెదలు తినింది, సంతకం మిగిలింది,
ఎద్దు ఉచ్చ పోసినట్టు వంకరటింకర.
తొమ్మిది తూములే తీసుకున్నాడంటే
పాతరలో ఎంత వదిలినాడో ఎవరూ చెప్పరు.
దొర తిరిగి రాలేదు.
హగరి ఒడ్డున గుడారంలో
కడుపులో గంజి నిలవక పోయినాడంటారు,
అంతమందికి కూడు పంపినోడు.

ఈ మండలంలో పదిహేడో నంబరు చౌక దుకాణం నాది.
నాకు కట్టె లేదు. వేలిముద్ర మిషనుంది.
మొన్న కురవ ఈరమ్మ వేలు పెట్టింది.
ఒకసారి, రెండుసార్లు, కొంగుకు తుడుచుకొని ఇంకోసారి.
శనక్కాయలు ఒలిచి ఒలిచి
గీతలన్నీ అరిగిపోయిన వేలు.
మిషను బీప్‌మనింది: సరిపోలలేదు.
వెనక వరస సద్దు మణిగింది.
నా చెవి నాకు తెలియకుండానే వంగింది.

పుస్తకంలో ఏం రాసినానో చెప్పను.
నెలాఖరుకు తహసీల్దారు వస్తాడు,
మూటలు తట్టి చూస్తాడు, చూడనీ.

ఈసారి కండక్టరు అడిగితే
"నాగూరమ్మ పేట" అందామనుకుంటా ఉండా.
ఆయమ్మ ఎవరి పెళ్లామో
చీటీలో లేదు,
మా ఇంట్లో కూడా ఎవరికీ గుర్తు లేదు.