తప్పొప్పుల పట్టిక

నరసాపురంలో, రేవుకి రెండు వీధుల ఇవతల
అచ్చాఫీసులో నాది ప్రూఫులు దిద్దే పని.
ఒత్తు జారితే పట్టుకుంటాను.
అరసున్న ఎగిరిపోయినా, దీర్ఘం వంగిపోయినా
సీసం వాసన కొట్టే వేలితో
మెడపట్టి లాక్కొస్తాను.

ఆ ఏడు వరదల ముందు ఒక శృంగారశాస్త్రం వచ్చింది,
తణుకు పంతులుగారెవరో సంస్కృతం నుంచి తెనిగించినది.
కంపోజిటరు సూరప్పడు నవ్వుకుంటూ పేర్చాడు.
నేను నవ్వకుండా దిద్దాను.

'నాగరకుడు' అన్నచోటల్లా వాడు 'నాగరికుడు' చేశాడు.
నలభై గుడులు పీకించాను.
ఆ నాగరకుడికి మంచం పక్కన వీణ, చిలక పంజరం,
గంధం గిన్నె, తమలపాకుల పెట్టె.
నాకు టిఫిను క్యారేజీ.

అరవైనాలుగు కళలట.
ఆకు కత్తిరించి నుదుటికి బొట్టుగా అతకడం,
గోరువంకకి మాట నేర్పడం,
నీళ్ల మీద అరచేత్తో మృదంగం వాయించడం.
ఇవన్నీ వచ్చినవాడే పిల్ల వైపు చూడాలి కాబోలని
ఒక్కటీ రాని నేను
తల వంచుకుని చివరి పంటు ఎక్కి
సఖినేటిపల్లి వెళ్లిపోయేవాణ్ణి.

ఎనభైమూడో పుట. ఇంగితాలు.

ఎదురుగా ఉంటే చూడదు, అతను తల తిప్పాక చూస్తుంది.
'చూస్తుంది'లో తవత్తు లేదు. పెట్టాను.
పక్కదానితో అన్నట్టు, అతనికి వినపడేలా వినపడేలా అంటుంది.
రెండుసార్లు పడింది. ఒకటి కొట్టేశాను.
కొట్టేశాక
కలం కదల్లేదు.

పంటు మీద, పల్లాలు.
కంపెనీలో లేసు అప్పజెప్పి
కొత్త దారపుండ ఒళ్లో పెట్టుకుని వచ్చే పిల్ల.
పక్కనున్న ఎండురొయ్యల అప్పతో అనేది, మరీ గట్టిగా:
"రేపు కూడా చివరి పంటుకే వత్తానే అప్పా."
అప్పకి చెవుడు.
ఆ సంగతి పంటు మొత్తానికి తెలుసు.

ఆలస్యానికి సాకు వెతుక్కుంటుంది.
రేవు దిగగానే ఆమె చెప్పు తెగేది,
నెలకి నాలుగుసార్లు,
కొత్త చెప్పు.

అతని వస్తువేదో దాచుకుంటుంది.
నా ఎర్ర పెన్సిలు!
జారిపోయిందనుకుని
ఆవేళ గోదాట్లోకి వంగి వంగి చూశాను.

ఎనిమిది నెలలు.
సీసపు అచ్చుని తలకిందులుగా చదవగలను,
అద్దంలో అక్షరాన్ని చదవగలను.
శాస్త్రం పొడుగునా అతనికే చెబుతుంది,
ఇలా నడువు, ఇక్కడ ఆగు, ఇప్పుడు నవ్వు.
ఆమె ఏ పుస్తకమూ చదవలేదు.
దారం కొంచెం వదిలింది, కొంచెం లాగింది.
సూదిపని కూడా ఆ అరవైనాలుగులో ఉందని
నేనే కదా
మొన్న ఇరవైమూడో పుటలో దిద్దాను.

ఆ సాయంత్రం వశిష్ఠ ఎర్రబడింది.
పంటు ఏటవాలుగా పోతోంది, ఇంజను దగ్గుతోంది.
ఆమె పక్కకి వెళ్లలేదు.
అప్ప పక్కన గంప జరుపుకుని కూర్చుని
మరీ గట్టిగా అన్నాను:
"అప్పా, నా ఎర్ర పెన్సిలు ఎవరికి దొరికినా
ఉంచుకోమను. తొందరేం లేదు."

"రొయ్యలా? సోల అర్ధరూపాయి," అంది అప్ప.

పల్లాలు తల ఎత్తలేదు.
సూది ఒక కన్ను తప్పింది.
ఆ చేతిలో తప్పు చూడ్డం నాకదే మొదలు.
విప్పి మళ్లీ అల్లుతుందనుకున్నాను.
విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే
కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టి
ఉంచేయమని రాశాను.
"రెండుసార్లా?" అన్నాడు సూరప్పడు.
రెండుసార్లే.
పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో
ఎనభైమూడో పుట లేదు.