స్వచ్ఛంద చందా

బాలాంగాలో ఆఫీసు ఎనిమిదింటికి తెరుస్తారు.
మారివెలెస్ నుంచి మొదటి బస్సెక్కి
ఆరున్నరకే వచ్చి నిలబడింది ఫ్లోరబెల్.
గార్డు పుస్తకంలో ఆమె పేరు పదకొండోది.
ముందున్న పదిమందిలో నలుగురు
నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డవాళ్లే.
ఒకావిడ పాదాలు వాచి
చెప్పులు చేత పట్టుకుంది.

ఫారంలో ఒక గడి: ఉద్యోగి.
పెన్ను దాన్ని దాటి వెళ్లింది.
పోయినేడాది జనవరిదాకా ఆ గడి ఆమెదే.
హ్యాండ్‌బ్యాగులకు లోపలి అస్తరు కుట్టే ఏడో లైను,
గంటకు నలభై జేబులు,
బయటినుంచి చూస్తే ఎవరికీ కనబడని జేబులు.
బాత్రూముకు వెళ్లడానికి చీటీ అడిగిన రోజు
సూపర్‌వైజర్ బల్ల మీద కత్తెర పెట్టి వచ్చేసింది.
రాజీనామా రాయలేదు. నెల గడువివ్వలేదు.
కత్తెర పెట్టింది, అంతే.

ఇప్పుడు ఇంకో గడి: స్వచ్ఛందం.
అక్కడ టిక్కు పెట్టింది.

నా భాషలో ఆ మాటకెంత దర్జా ఉందో ఆమెకు తెలియదు.
తన ఇష్టం, తన నడక, తన ఛందం.
చెవి దగ్గర పెట్టుకుని ఊపితే మాత్రం
లోపల చిల్లర మోగుతుంది:
చందా.

కూలీ వాటా ఆమెదే, యజమాని వాటా ఆమెదే.
"అయితే ఇప్పుడు నాకు నేనే యజమానిని" అని
దారియో దగ్గర నవ్వింది,
నెలకు ఏడువందల యాభై పెసోల యజమానిని.
ఏప్రిల్ నెలది చేపల డబ్బు.
మే నెలది ఫ్యాను అమ్మితే వచ్చింది.
జూన్, వదిన దగ్గర. ఇంకా తీర్చలేదు.
మూడు రసీదులూ బిస్కెట్ల డబ్బాలో,
మొదటి స్కానింగు బొమ్మ పక్కన.

కాన్పు పడ్డ అర్ధసంవత్సరాన్ని తీసి పక్కన పెడతారట,
దాని వెనక పన్నెండు నెలల్లో
మూడు చందాలు వెతుకుతారట.
ఆరో కౌంటరు అమ్మాయి కళ్లెత్తకుండా
బల్ల మీది క్యాలెండరు ఇటు తిప్పింది.
"అక్టోబరులో కంటే ఈ మూడూ లెక్కలోకొస్తాయి.
సెప్టెంబరులో కంటే రావు. అంతే అక్కా."
"డాక్టరు అక్టోబరు తొమ్మిది అంది."
"అయితే మీకేం భయం లేదు."
ముద్ర కొట్టి, అప్పుడు మొదటిసారి
పొట్ట వైపు చూసింది
వాయిదా ఇచ్చినట్టు.

బస్సు కొండమలుపు తిరుగుతుంటే
కడుపుతో బేరం మొదలైంది.
తొమ్మిదిదాకా అక్కర్లేదు, ఒకటి చాలు.
తెల్లారకపోయినా సరే,
పన్నెండు కొట్టాక ఒక్క నిమిషం చాలు.

సెప్టెంబరంతా బట్టలు దారియోనే ఉతికాడు.
అనాస తినొద్దన్నారు ముసలమ్మలు,
అనాసబండి వీధి చివర కనబడితే
తలుపేసుకుంది.
తుమ్మొస్తే ముక్కు నొక్కిపట్టుకుంది.

ఇరవై ఏడో తారీఖు, కరెంటు పోయిన వాన సాయంత్రం,
మంత్రసాని పసిటా పెట్టుకున్న రెండు మంచాల కాన్పుల గదిలో
పిల్ల పుట్టింది.
రెండున్నర కిలోలు.
గోడ మీది క్యాలెండరు వైపు ముగ్గురు చూశారు.
పిల్ల చూడలేదు.

మూసిన పిడికిలి విప్పింది ఫ్లోరబెల్,
లోపల ఏదైనా చీటీ తెచ్చిందేమోనన్నట్టు.
"నోటీసివ్వకుండా వచ్చేశావే" అంది.
చాలాసేపటికి,
వాన కాస్త తగ్గాక,
"నా కూతురివే" అంది.

అక్టోబరు ఆఖర్న
పిల్లని గుడ్డతో రొమ్ముకు కట్టుకుని
మందులషాపు పక్క కిటికీలో
జులై చందా కట్టింది.
కాన్పు అయిపోయింది కదా,
ఆ డబ్బూ రాలేదు కదా,
ఇంకెందుకని వదిన అడిగింది.

రసీదు నాలుగు మడతలు పెడుతూ
"ఆ గడిలో ఉన్నాను కదా" అంది.
పిల్ల ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి
ఎండలోకి దిగింది.