నావత్తు

ఛత్తా బజార్ల, మెట్ల కింది గదిల
మూడు వందల శుభలేఖలు కట్ట కట్టి ఉన్నయి.
మొదటి దానికి పసుపు పెట్టబోయి
పెండ్లికూతురి తండ్రి చెయ్యి ఆపిండు.
"మా బిడ్డ పేరేది?"

తెర మీద జ్యోత్స్న.
కాగితం మీద జ్యోత్స.
త కింద స ఉన్నది, స కింద న
అచ్చుకు పొయ్యే తొవ్వల యాడనో రాలిపోయింది.
వత్తు లేని వెన్నెల.

ఖుర్షీద్ భాయ్ ఏమనలేదు.
అల్మారా మీది పాత డబ్బాల నుంచి
బొంగు కలం తీసి చెక్కిండు.
"ఎట్లుంటది నీ న? ఒకటి రాసి సూపెట్టు."
తెలుగు చదవరాని ఆ చెయ్యి
తెల్లారేదాక మూడు వందల సార్లు
ఒకే ఒక్క వత్తు పెట్టింది.
ఎండకు ఆరేసినప్పుడు అడిగిండు:
"ఎవనిదిరా ఈ ఫాంటు?"
"ఒకలది కాదు భాయ్, అందరిది."
"సబ్‌కా హై? తో తేరా భీ హై. బనా."

ఆ రాత్రి మలక్‌పేట రూముల కూసొని
వచ్చీరాని ఇంగ్లీషుల ఒక్క వాక్యం రాసిన:
మీది పని చేస్తలేదు.
ఎవరో, ఏ దేశమో, జవాబిచ్చిండ్రు:
ఏ వెర్షన్? ఏం చేస్తే ఇట్లయింది?
ఏం రావాలె? ఏం వచ్చింది?
ఉస్మానియాల డాక్టరు గూడ
నా కడుపునొప్పిని ఇంత ఓపికగ అడగలే.

అప్పుడు నేను నిజంగ చూసుడు మొదలుపెట్టిన.
రాష్ట్రం బాగనే ఉన్నది. స్త్రీ బాగనే ఉన్నది.
మత్స్యం పక్కకు ఈది బతికింది,
జ్యోత్స్న నిలువుగ మునిగింది.
తప్పు అక్షరానిది కాదు,
వరుస అడుగున ఎంత లోతు ఇడవాలెనో చెప్పే
ఒక అంకెది.

అంకె మార్చి పంపిన. తిప్పి పంపిండ్రు:
రెండు ఖాళీలు ఎక్కువున్నయట.
మళ్ల పంపిన. పరీక్ష రాయలేదన్నరు.
పన్నెండేండ్ల సంది ఊరి ప్రూఫులు దిద్దుతున్న,
నన్ను దిద్దేటోళ్లు ఇప్పుడు దొరికిండ్రు.

చాదర్‌ఘాట్ వంతెన మీద ఇరుక్కున్న బస్సుల,
కింద మూసీ కంపు, పైన కండక్టర్ కేక,
ఫోన్ల ఒక్క మాట: కలిపినం.
పక్క సీటాయనకు చెప్దామనుకున్న.
ఏమని చెప్పాలె?
నావత్తు ఇగ పడదని?

పదకొండు దినాలైంది.
నారాయణపేట నుంచి ఒక టీచరమ్మ రాసింది:
మీ సవరణ తర్వాత
మా పిల్లల ప్రశ్నపత్రంల గీతలన్నీ కిందికి జారినయి.
మొదలు కోపమొచ్చింది. చాయ్ చల్లారింది.
తర్వాత టైపు చేసిన:
ఏ వెర్షన్ అమ్మా?
ఏం రావాలె, ఏం వచ్చింది?

షట్టరు సగం దించి ఖుర్షీద్ భాయ్ వంగి చూసిండు.
"ఫిర్ గిరా క్యా?"
"ఆఁ భాయ్. ఈసారి నా చేతుల్నుంచే."