మూడో చాంబర్

లేబర్ ఆఫీసుల గుమాస్తా
కండ్లద్దాలు తుడుసుకుంట అన్నడు:
"మీ ఫైలు కోల్డ్ స్టోరేజీల పడ్డదమ్మా."

నా పానం నిమ్మలమైంది.
కోల్డ్ స్టోరేజి నాకు ఎరుక లేనిదా?
ఎనుమాముల మార్కెట్ గేటు దాటినంక
వరుసగ లెక్కవెట్టుమంటె పెడత,
ఏది పాతదో, దేంట్ల అమ్మోనియా వాసనొస్తదో,
ఏ వాచ్‌మన్ బీడీ ఇస్తె లోపలికి పోనిస్తడో.

"ఏ స్టోరేజి సారూ? ఎన్నో చాంబరు?
శాలువ కప్పుకొని పోయి నేనే తెచ్చుకుంట."
ఆయన నవ్విండు. పక్క టేబులాయన గూడ నవ్విండు.
మీద ఫ్యాను కిర్రుకిర్రుమన్నది.

లోపల ఎట్లుంటదో వాళ్లకు తెల్వది.
బయట మే నెల. లారీ డాల మీద చెయ్యి పెడితె చుర్రుమంటది.
తలుపు తీస్తె ఇగం పొగ లెక్క కాళ్ల మీదికొస్తది.
నలభై కిలోల బస్తా నెత్తిన వెట్టుకొని
మా ఓదెలు అండ్లకు నడిచేటోడు.
ముందుగాల్ల చెమట చల్లబడతది,
ఎనుకనే చెవులు ఉన్నయో లేవో తెల్వది,
ఆఖరుకు వేళ్లు కొంకర్లు వోయి
కొక్కెం పట్టు ఒదులుతది.
వస్తె ఎండ. పోతె ఇగం.
పొద్దుందాక నూరు చలికాలాలు, నూరు ఎండకాలాలు.
నలభై రెండేండ్లోడని కాయితంల రాసిన్రు గని
మస్తు ఏండ్లు బతికిండు ఆయన.

మూడో చాంబర్, నాలుగో అంతస్తు, చెక్క జారింది.
బయటికి మోసుకొచ్చినప్పుడు ఒళ్లు చల్లగున్నది.
సచ్చినందుకా, అండ్ల పడున్నందుకా,
డాక్టరుకు గూడ కొంచెంసేపు తెల్వలే.

రాత్రి అఖిలను అడిగిన. ఇంటర్ పిల్ల, ఇంగ్లీషు చదువుతది.
"దానికి రెండర్థాలే అమ్మా.
ఒకటి ఉన్నదున్నట్టు, చల్లటి గోదాం.
ఇంకోటి, పక్కకు వెట్టి మర్శిపోవుడు."
"మర్శిపోతె చల్లగెందుకైతది బిడ్డా?"
పెన్ను కొరుక్కుంట కూసున్నది కొద్దిసేపు.
"పుస్తకంల అది లేదు" అన్నది.

నాకు నిద్ర రాలే.
మిరపకాయను మర్శిపోనీకె ఎవడు పెడతడు అండ్ల?
రంగు పోవద్దని, పురుగు పట్టద్దని,
జెండా పాట లేసేదాక పెడతరు.
లాటు నంబరుంటది, బాండు కాయితముంటది, కిరాయి లెక్కుంటది.
పరకాల దిక్కు రైతొకాయన నెలకోపారి బస్సెక్కి వచ్చి
తలుపు కాడ నిలబడి
తన బస్తాలు అవుపడుతయా అని తొంగి చూసి పోతడు, గంతే.
ఓదెలు ఫైలుకు బాండేది?

సోమారం మళ్ల పోయిన.
తొడిమలు తీసే కాడికెళ్లి సీదా పోయిన, చేతులు కడగలే.
కడిగినా పోదది. అఖిల పసిదున్నప్పుడు
నేను మొకం తుడిస్తె గుక్కపట్టి ఏడ్చేది.

గుమాస్తా బీరువా మీదికెళ్లి ఫైలు దించి
గోడకు రెండు దెబ్బలు కొట్టిండు, దుమ్ము రాలింది.
ముట్టి చూసిన. చల్లగ లేదు.
"పాతయి చెల్లయి. ఈడ ఏలిముద్ర. ఈడ. ఈడ గూడ."
ఒత్తిన. గట్టిగనే ఒత్తిన.
నీలం సిరా కింద తేజ మిర్చి ఎరుపు
ఎవలికి అవుపడుతది?

ఆయన వేలు నాలికెకు తడి చేసుకొని ఒక పేజి తిప్పిండు.
మళ్ల తడి చేసుకొని ఇంకోటి.
మూడో పేజి కాడ ఆగిండు.
మొకం ఎర్రవడ్డది. ముక్కు కారింది.
నీళ్ల సీసా కోసం టేబులంతా తడుముకుండు,
కండ్లద్దాలు కింద వడ్డయి.

వంగి తీసిచ్చిన.
"సారూ" అన్న, "ఫైలు బయటికొచ్చినట్టున్నది."